ఆదివారం అక్క

కట్టెలు తడిసిపోయాయి. రాత్రి వాన పడుతుందని ఎవరూ అనుకోలేదు. తాటిపూడి జలాశయానికి దగ్గర్లో ఒక పల్లెటూరి బడి ఆవరణలో మా గైడ్స్ క్యాంపు. మూడు దళాలు, మూడు పొయ్యిలు. మల్లె దళం వాళ్ల పొయ్యిలో అరగంట నుంచి పొగ తప్ప మంట లేదు. ఆరుగురు పిల్లలు. పెద్దదానికి పద్నాలుగేళ్లు, చిన్నదానికి పదకొండు. ఒకమ్మాయి ఊదుతోంది, ఒకమ్మాయి నోటుపుస్తకంతో విసురుతోంది, ఇంకో అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. పొగకో ఏడుపుకో తెలియదు. ఎసరు గోరువెచ్చన కూడా కాకముందే ఎవరో తొందరపడి బియ్యం పోసేశారు.

నేను పదడుగుల దూరంలో వేపచెట్టు కింద నిలబడి ఉన్నాను. కట్టెను నిలువునా చీలిస్తే లోపల పొడిగా ఉంటుందని నాకు తెలుసు. పొయ్యి నోరు గాలివాటుకు తిప్పాలని తెలుసు. నేను చేస్తే రెండు నిమిషాల పని. చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు నావైపు చూశారు. నేను చిరునవ్వు నవ్వాను గాని కదల్లేదు.

కాసేపటికి దళనాయిక లేచి పక్కనున్న సంపెంగ దళం పొయ్యి దగ్గరికి వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని వాళ్లు కట్టెలు ఎలా పేర్చారో చూసింది. ఏమీ అడగలేదు. తిరిగొచ్చి గిన్నె దించేసి, పొయ్యి మొత్తం విప్పేసి, మొదటినుంచి పేర్చింది. గంటన్నరకు అన్నమైంది. అడుగు మాడింది, పైన పలుకు, నడిమిది మాత్రం మంచి అన్నమే. పప్పులో నీళ్లెక్కువై చారయింది. ఆరుగురూ కంచాల్లో మెతుకు మిగల్చలేదు. "అక్కా, మా అన్నం తిను" అని నాకో ముద్ద తెచ్చి పెట్టారు. మాడు వాసన వేస్తున్న ఆ ముద్ద రుచి నాకింకా గుర్తుంది.

పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. ఉద్యోగం బీమా కార్యాలయంలో. ఆదివారాలు గైడ్స్‌తో. ఈ పనికి జీతం లేదు, నా సొంత పిల్లలెవరూ ఆ జట్టులో లేరు. "మరెందుకు?" అని అడిగేవాళ్లకు ఇన్నేళ్లూ ముక్తసరిగా ఏదో చెప్పి తప్పుకున్నాను. ఈసారి తీరిగ్గా చెప్పాలనిపించింది.

నెల రోజులన్నారు

మా పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేవారు. విజయనగరంలో మా పేటలోని మున్సిపల్ బడిలో లెక్కలు చెప్పేవారు. అక్కడే గైడ్ కెప్టెన్. స్కౌట్స్‌లో అబ్బాయిల జట్టును నడిపేవారిని స్కౌట్ మాస్టర్ అంటారు, అమ్మాయిల జట్టును నడిపేవారు గైడ్ కెప్టెన్. ఆవిడకు బదిలీ అయింది. వెళ్లే ముందురోజు ఒక గోనెసంచీ, ఒక రిజిస్టరు, ఒక విజిల్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. సంచీలో తాళ్లు. "పద్ధెనిమిది మంది పిల్లలున్నారమ్మా. కొత్త టీచర్ వచ్చి బాధ్యత తీసుకునేదాకా ఒక్క నెల రోజులు ఆదివారం పొద్దున్న వెళ్లి కాస్త కూర్చోండి. ఎవరో ఒక పెద్దమనిషి ఉంటే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు" అన్నారు.

ఆ చివరి మాట మర్యాదకు అన్నారనుకున్నాను. మొదటి ఆదివారం వెళ్లేసరికి పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. పదమూడేళ్ల పిల్ల ఒకతె హాజరు తీసుకుంటోంది. నన్ను చూసి ఎడమచెయ్యి చాచింది. స్కౌట్లు ఎడమచేత్తో కరచాలనం చేస్తారని నాకప్పటికి తెలియదు. కుడిచెయ్యి ఇచ్చాను. ఆ పిల్ల నవ్వకుండా, నా ఎడమచెయ్యి తనే పట్టుకుని ఊపి, "ఇలాగండీ" అంది.

కొత్తగా వచ్చిన టీచరుకు తీరిక చిక్కలేదు. బడి జట్టుగా అది నిలవలేదు. జిల్లా సంఘం వాళ్లు ఓపెన్ కంపెనీగా మార్చుకోండని సలహా ఇచ్చారు. ఏ బడికీ చెందకుండా చుట్టుపక్కల పిల్లలెవరైనా చేరగలిగే జట్టన్నమాట. నెల రోజులు పదకొండేళ్లయింది.

పిల్లలే ముందు

బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్ 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మంది అబ్బాయిలతో వారంపాటు డేరాలు వేసుకుని ఉండటంతో స్కౌటింగ్ మొదలైందని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. ఆ తరవాత జరిగిందే నాకు ముఖ్యమనిపిస్తుంది. 1908లో ఆయన తన ఆలోచనలను పక్షానికొక భాగంగా అచ్చువేయించాడు. అప్పటికే నడుస్తున్న బాలుర సంఘాలకు పనికొస్తాయనే ఆయన ఉద్దేశం. కొత్త సంస్థ పెట్టాలని కాదు. ఆ భాగాలు కొనుక్కుని చదివిన పిల్లలు వీధివీధినా తమంతట తామే దళాలుగా ఏర్పడ్డారు. కర్రలు పట్టుకుని, మెడకు గుడ్డలు కట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ఆ తరవాత, మాకొక పెద్దమనిషి కావాలంటూ ఊళ్లోని తెలిసినవాళ్ల తలుపు తట్టారు. అంటే పిల్లలు వెతుక్కుంటే పెద్దలు వచ్చారు.

ఆడపిల్లల సంగతైతే మరీనూ. 1909 సెప్టెంబరులో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర జరిగిన స్కౌట్ల సమావేశానికి కొందరమ్మాయిలు తమంతట తామే యూనిఫాం కుట్టించుకుని వచ్చేశారు. మేమూ స్కౌట్లమే అన్నారు. వాళ్లను వెనక్కి పంపలేక మరుసటేడాది బేడెన్ పావెల్ చెల్లెలు ఆగ్నెస్ నాయకత్వంలో గర్ల్ గైడ్స్ ఏర్పాటు చేయాల్సివచ్చింది. మనదేశంలో 1911లో జబల్‌పూర్‌లో గైడ్స్ తొలి జట్టు మొదలైంది. దానికి రెండేళ్ల ముందు స్కౌటింగ్ వచ్చింది. రెండూ తెల్లవాళ్ల పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ల పిల్లలకూ మాత్రమే. భారతీయ బాలలకు ప్రవేశం లేదు.

ఆ తలుపు తెరిచింది కూడా ఊళ్లో వేరే పనులున్న పెద్దలే. షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పేయి 1913లో మన పిల్లలతో సొంతంగా ఒక జట్టు నడిపాడు. మద్రాసులో అనీ బిసెంట్, అరండేల్ 1916లో భారతీయ బాలుర స్కౌట్ సంఘం పెట్టారు. టోపీకి బదులు తలపాగా చుట్టించారు. అలహాబాదులో మదన మోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, బాజ్‌పేయి కలిసి 1918లో సేవాసమితి స్కౌట్ సంఘాన్ని నిలబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి సంఘాలన్నీ 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒకటయ్యాయి. మరుసటేడాది ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ వచ్చి చేరారు. కుంజ్రూ రాజ్యాంగ సభ సభ్యుడు, పార్లమెంటేరియన్. ఆయన నేతృత్వంలో 1946లో వేసిన కమిటీ సిఫారసుల మీదే 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది. యూనిఫాం తొడుక్కుని గ్రౌండులో నిలబడ్డ మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసునో.

మన తెలుగునాట ఈ పనికి తనదైన రూపమొకటి ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. తెలుగువాళ్లందరికీ వాళ్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. సార్, మేడమ్ అనిపించుకోలేదు, అలాగని నాన్నా అమ్మా కూడా కాదు. ఆ వరసలోనే అంతా ఉందనిపిస్తుంది నాకు. అమ్మానాన్నలకు పిల్ల మీద ఆశలుంటాయి, టీచరు చేతిలో మార్కులుంటాయి. అక్కకు ఆ రెండూ ఉండవు. అన్నం మాడితే అమ్మకు భయంలేకుండా చెప్పలేని పిల్ల అక్కకు చెబుతుంది. మా జట్టులో కూడా మొదటినుంచీ నేను అక్కనే. జిల్లా సమావేశాల్లో మాత్రమే కెప్టెన్‌ని.

యాభై రెండేళ్ల విద్యార్థి

పెద్దలకూ బడి ఉంది. బేసిక్ కోర్సు అని వారం రోజుల శిక్షణ. ఇంటికి రావడానికి లేదు, అక్కడే ఉండాలి. నేను వెళ్లేసరికి నాకు నలభై. మమ్మల్నీ దళాలుగా విడదీశారు. మా దళంలో ఇద్దరు టీచర్లు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, కాలేజీ చదువు అప్పుడే పూర్తయిన అమ్మాయి, యాభై రెండేళ్ల హెడ్‌మిస్ట్రెస్, నేను. ఆ హెడ్‌మిస్ట్రెస్‌గారు తన బడిలో గంట కొట్టించే మనిషి. ఇక్కడ విజిల్ వినపడగానే చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తేవారు. రెండోరోజు రాత్రి ఆవిడ వంతు గిన్నెలు తోమడం. నేను సాయం చేస్తానంటే వద్దన్నారు. "పిల్లలకు వంతులు వేస్తాను గదమ్మా ఇన్నేళ్లుగా. ఆ వంతు ఎలా ఉంటుందో నాకూ తెలియాలి" అన్నారు.

బేసిక్ తరవాత అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన జట్టును నడిపిన తీరు చూసి హిమాలయ ఉడ్ బ్యాడ్జి ఇస్తారు. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. ఉడ్ బ్యాడ్జి అంటే తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలు, అంతే. 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్కులో తొలి శిక్షణ ముగిసినప్పుడు, జులూ రాజు దినిజులు కంఠహారంలోవని చెప్పే పూసలను బేడెన్ పావెల్ ఒక్కొక్కరికీ పంచాడు. ఇప్పుడవి నకళ్లు. బంగారం కాదు, వెండి కాదు. బజార్లో వాటికి విలువ లేదు. నావి బీరువాలో అమ్మ గొలుసు పక్కన పెట్టుకున్నాను.

ఆ శిక్షణలో నేర్పే ముడులూ కట్లూ డేరాలూ పుస్తకం చూసి కూడా నేర్చుకోవచ్చు. పుస్తకంలో దొరకనిది ఒకటుంది. ఒక బాధ్యతను నలుగురు పిల్లల చేతిలో పెట్టేసి పక్కకు తప్పుకోవడం. దళ పద్ధతి అంటారు. ఆరేడెనిమిది మంది ఒక దళం, వాళ్లలో ఒకరు నాయిక. నాయికలంతా కూర్చునే సభకు మర్యాదసభ అని మా పిల్లలే పేరు పెట్టారు. ఈ నెల ఎక్కడికి వెళ్లాలి, వరసగా మూడు వారాలు రానివాళ్లను ఏం చేయాలి, డబ్బాలో ఉన్న నాలుగొందలతో కొత్త తాళ్లు కొనాలా బంతి కొనాలా అనేవన్నీ అక్కడే తేలాలి. నేను ఆ సభలో కూర్చుంటాను. అడిగితేనే మాట్లాడాలి. బంతే కొన్నారు. ఆ వర్షాకాలం పాత తాళ్లు చీకిపోయాయి. తరవాతి సభలో, నేను నోరు మెదపకుండానే, ఒక్కొక్కరు ఇరవయ్యేసి రూపాయలు తెచ్చుకోవాలని తీర్మానించుకున్నారు.

పలుపు ముడి

మా జట్టులోకి ఒక అమ్మాయి వచ్చింది. ఊరవతల పాకలో ఉంటారు, నాలుగు గేదెలున్నాయి, తండ్రి పాలు పోస్తాడు. ఏడో తరగతి. ఎవరితోనూ మాట్లాడేది కాదు. వరుసలో ఎప్పుడూ చివర్న నిలబడేది. దగ్గరకొస్తే పేడవాసన వస్తుందని ఎవరో అన్నారట. ఆ సంగతి నాకు చాలారోజుల తరవాత తెలిసింది.

ఒక ఆదివారం క్లోవ్ హిచ్ నేర్పుతున్నాను. గుంజకో కర్రకో తాడు జారకుండా బిగించే ముడి. తాడును రెండుసార్లు చుట్టి, రెండో చుట్టు కిందినుంచి కొస లాగాలి. పిల్లలకు చుట్టు ఎటువైపు తిప్పాలో అర్థం కాక తాళ్లు చిక్కుపడుతున్నాయి. ఈ పిల్ల తాడు అందుకుంది. చూడను కూడా చూడకుండా, రెండు చేతుల్లో రెండు మెలికలు తిప్పి, ఒకదాని మీద ఒకటి వేసి, గుంజ పైనుంచి దిగవేసింది. లాగింది. బిగిసింది. రెండు సెకన్లు పట్టి ఉంటుంది.

"ఇది మా గేదెలకి కట్టేదే కదక్కా" అంది.

ఆ పూట ముడులు నేర్పింది తనే. పిల్లలంతా చుట్టూ చేరారు. "మళ్లీ ఒకసారి, మెల్లిగా" అని బతిమాలారు. నేను కూడా ఆ పద్ధతి తన దగ్గరే నేర్చుకున్నాను. పుస్తకాల్లో కూడా ఆ రెండు మెలికల పద్ధతి ఉందని తరవాత చూశాను. గేదె మెడ తిప్పేలోగా కట్టెయ్యాలంటే ఇంకెలా వస్తుందని ఆ పిల్ల వాదన. మరుసటి ఏడాది బంతి దళం వాళ్లు తననే నాయికగా ఎన్నుకున్నారు.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. సోపాన పరీక్షలు జరుగుతున్నాయి. ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, తరవాత రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. మెట్టు మెట్టుకూ పరీక్ష. మా పిల్ల ఒకతెకు చేతులు వణుకుతున్నాయి. నెల్లాళ్లుగా వేస్తున్న ముడే, ఆ రోజు రావడం లేదు. పరీక్షాధికారి పక్క పిల్ల వైపు తిరిగినప్పుడు నేను వంగి ఆ కొసను సందులోంచి లాగేశాను. పాసయింది. అందరితో పాటు బ్యాడ్జి వచ్చింది.

వారం తరవాత ఆ పిల్ల కాగితంలో చుట్టిన బ్యాడ్జి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నాది కాదక్కా" అంది. కోపం లేదు గొంతులో. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. స్కౌట్ నియమాల్లో మొదటిది నమ్మదగినవారుగా ఉండటం. ప్రతి ఆదివారం నేనే చెప్పించే మాట. జిల్లా వాళ్లకు జరిగింది చెప్పాను. నాలుగు నెలల తరవాత ఆ పిల్ల మళ్లీ పరీక్షకు కూర్చుంది. ఆ రోజు నేను గేటు బయట నిలబడ్డాను. తాటిపూడి క్యాంపులో నేను మణికట్టు అంత గట్టిగా పట్టుకుని నిలబడటానికి కారణం ఇదే.

లాభమేటండీ?

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇది. "ఆదివారం పొద్దున్న మూడు గంటలు పోతున్నాయి. లాభమేటండీ?" నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. కూలి చేసి ఫీజు కట్టే తండ్రికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. రాష్ట్రపతి అవార్డు ఉంటే రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ మాట చెబితే చాలామంది ఒప్పుకుంటారు. చెబుతాను కూడా, అబద్ధం కాదు కాబట్టి. అయితే సర్టిఫికెట్టు కోసమే వచ్చిన పిల్లలు సర్టిఫికెట్టు రాగానే మానేస్తారు. జట్టు నడిపేవాళ్లలో కూడా ఎంతమందికి అవార్డు ఇప్పించామనే లెక్కలో పడిపోయేవారున్నారు. ఆ లెక్కలో పడితే పరీక్షలో కొస లాగే చేతులు ఇంకా పెరుగుతాయి.

తొమ్మిదో తరగతి దాటగానే చాలామందిని మాన్పించేస్తారు. పదో తరగతి, తరవాత ఇంటర్, కోచింగ్. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదకొండింటికి పడుకునే పదిహేనేళ్ల పిల్లను ఏ పెద్దమనిషైనా "ర్యాంకు సంగతి సరే, నువ్వెలా ఉన్నావు?" అని అడుగుతున్నారా? ఇంట్లో అడగాలన్నా భయపడే పరిస్థితి వచ్చింది. మానేసిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు ఆదివారం ఓ పావుగంట వచ్చి వేపచెట్టు కింద ఊరికే కూర్చుని వెళ్తుంటారు. నేనేమీ అడగను. రిజిస్టరులో వాళ్ల పేర్లు కొట్టెయ్యలేదు.

లాభం కళ్లకు కనిపించే రోజు ఒకటుంది మా ఊళ్లో. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి గుడినుంచి కోటదాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఊరు జనంతో నిండిపోతుంది. మా పిల్లలు మంచినీళ్లు అందిస్తారు, తప్పిపోయిన చిన్నపిల్లలను ఒకచోట కూర్చోబెట్టి మైకులో చెప్పిస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్కౌట్లు చేసే సేవ మీరు చూసే ఉంటారు, అలాంటిదే చిన్న ఎత్తున. ఒక ఏడు, లాభమేటని అడిగిన తండ్రే జనంలో తన చిన్నకొడుకును పోగొట్టుకున్నాడు. మా పందిరి దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి ఆ పిల్లాడు తన అక్క ఒళ్లో కూర్చుని మరమరాలు తింటున్నాడు. ఆయన నాతో ఏమీ అనలేదు. తరవాతి ఆదివారం కూతుర్ని సైకిలు మీద తనే దింపాడు.

రాత్రి

పగలు జరిగేది ఎవరైనా చూడొచ్చు. పెద్దవాళ్ల బాధ్యతంతా రాత్రి ఉంటుంది.

మొదటి క్యాంపులో తెల్లవారుజామున మూడింటికి చిన్న అలికిడి అయింది. ఆరో తరగతి పిల్ల, దుప్పటి చుట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. పక్క తడిపింది. తెల్లారితే అందరికీ తెలిసిపోతుందని వణికిపోతోంది. నాతోపాటు వచ్చిన ఇంకో కెప్టెన్‌ను లేపాను. ఇద్దరం కలిసి చప్పుడు కాకుండా బొంత మార్చాం. తడిసిన దుప్పటిని నేను బోరింగు దగ్గర ఉతికి, మా ఇద్దరి చీరల మధ్య తీగ మీద ఆరేశాను. పొద్దున్న "రాత్రి మంచు బాగా కురిసిందే" అని ఆవిడ ఎవరితోనో అన్నారు. ఆ పిల్ల టీ గ్లాసు పట్టుకుని నావైపు ఒక్కసారి చూసింది. తరవాత ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఇంకో కెప్టెన్‌ను ఎందుకు లేపానంటే, అది నియమం. ఎంత చిన్న పనైనా, ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ పిల్లవాడితోనూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. ఇది నన్ను అనుమానించడమని మొదట్లో అనిపించింది. తరవాత బుద్ధి తెచ్చుకున్నాను. పిల్లలున్నచోటికి మంచివాళ్లతో పాటు చెడ్డవాళ్లూ వస్తారు, సేవ పేరుతోనే వస్తారు. అమెరికా బాయ్ స్కౌట్స్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరాల్సివచ్చింది. చిన్నప్పుడు మాపై లైంగిక అఘాయిత్యాలు జరిగాయంటూ 82 వేల మందికి పైగా ముందుకొచ్చారు. పరిహారానికి సుమారు 246 కోట్ల డాలర్ల నిధి పెట్టాల్సివచ్చింది. దశాబ్దాలపాటు సంస్థ పరువు కోసం నోళ్లు మూసుకున్నందుకు కట్టిన మూల్యమది. డబ్బుతో తీరేదా అది? అక్కడ ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఇప్పుడు పిల్లల జట్లకు సాయంగా వెళ్తుంటారు. ఇద్దరు పెద్దల నియమం, దానికి ముందు శిక్షణ వాళ్లకు బాగా తెలుసు.

మనకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. "పరువు పోతుంది, లోలోపల చూసుకుందాం" అనే మాట ఏ సంఘంలో వినబడ్డా అక్కడ పిల్లను ఉంచకండి. మా జట్టులో ప్రతి పిల్లకూ పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కంఠతా వచ్చు. ముడులకంటే ముందు నేర్పేది అదే. ఆడపిల్లల తల్లులు "రాత్రి బయట ఉంచుతారా?" అని అడిగితే నొచ్చుకోను. వచ్చి చూసుకోమంటాను. గదులు, మరుగుదొడ్లు, గడియలు, ఎవరెవరు పెద్దలు వస్తున్నారో వాళ్ల పేర్లు, ఫోను నంబర్లు. రెండు రోజులు మీరూ ఉండండి అంటాను. అలా వచ్చిన తల్లి ఒకావిడ క్యాంపు మంట దగ్గర తను చిన్నప్పుడు పిల్లలంతా చుట్టూ తిరిగి పాడిన పాటలు గుర్తు చేసుకుని రాత్రంతా పాడింది.

పెద్దలు చాలడం లేదు

పిల్లలకు కొరత లేదు. తాళ్లకూ డేరాలకూ డబ్బు ఎలాగో వస్తుంది. పెద్దలు చాలడం లేదు. మన రాష్ట్రాల్లో ఈ పని దాదాపు మొత్తం టీచర్ల భుజాల మీదే ఉంది. స్కౌట్ మాస్టర్లు వాళ్లే, ఎన్.సి.సి. అధికారులు వాళ్లే, జూనియర్ రెడ్‌క్రాస్ వాళ్లే. 1969 సెప్టెంబరు 24న మొదలైన ఎన్.ఎస్.ఎస్.‌లో ప్రోగ్రాం ఆఫీసర్లు లెక్చరర్లే. పాఠాలు, ఎన్నికల విధులు, సర్వేలు అన్నీ అయ్యాక మిగిలిన ఓపికతో చేస్తారు. ఒక మంచి మాస్టారు ఇరవయ్యేళ్లు నిలబెట్టిన జట్టు ఆయన బదిలీ ఉత్తర్వు మీద సంతకం పడిన రోజున పోతుంది. మా పక్కింటి టీచరమ్మ సంచీ పట్టుకుని నా గుమ్మం ఎక్కకపోతే ఆ పద్ధెనిమిది మందీ అలాగే చెదిరిపోయేవాళ్లు.

అందుకే టీచర్లు కానివాళ్లు రావాలంటున్నాను. బ్యాంకు వాళ్లు, నర్సులు, ఎలక్ట్రీషియన్లు, రిటైరైన పోస్ట్‌మాస్టర్లు, ఉద్యోగాలు వెతుక్కుంటున్న కుర్రాళ్లు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి నడుస్తున్నది ఎవరితో? వారమంతా ఆఫీసుకు వెళ్లి వారాంతంలో పిల్లలకు అక్షరాలు దిద్దించే మామూలు మనుషులతో. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేం? మీకు పాడటం రాకపోవచ్చు, ముడులు రాకపోవచ్చు. చెప్పిన టైముకు రావడం, వారం వారం రావడం వస్తే చాలు. ఒక్కరోజు అట్టహాసంగా వచ్చి బిస్కట్లు పంచి ఫొటోలు దిగి వెళ్లేవాళ్ల పేర్లు పిల్లలకు గుర్తుండవు. వానలో కూడా వచ్చిన మనిషి గుర్తుంటుంది.

ప్రతి జిల్లాలోనూ స్కౌట్స్ అండ్ గైడ్స్ జిల్లా సంఘం ఉంటుంది. జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడిగితే చిరునామా చెబుతారు. మీ వివరాలు చూస్తారు, బేసిక్ కోర్సుకు పంపుతారు. మొదట ఆరు నెలలు పాతవాళ్ల పక్కన నిలబడి చూడండి. అంతకుముందే పిల్లలను మీకు అప్పజెప్పే సంఘమైతే దాన్ని నమ్మకండి.

పోయిన డిసెంబరులో మా క్యాంపు జరగలేదు. నాతో వచ్చే కెప్టెన్‌కు మోకాలి ఆపరేషన్ అయింది. రెండో పెద్దమనిషి దొరకలేదు. ఇద్దరు లేకపోతే క్యాంపు లేదు, ఈ నియమాన్ని ఎవరికోసమూ సడలించను. మర్యాదసభలో ఆ మాట చెప్పినప్పుడు నాయికలు ముగ్గురూ కాసేపు ఊరుకున్నారు. తరవాత ఒకతె రిజిస్టరు తీసి, కొట్టేసిన తేదీ పక్కన వచ్చే డిసెంబరు తేదీ రాసింది.

ఈ ఏడు అనుమతి ఫారం నిన్ననే నింపాను. ఇరవై ఒక్క మంది పిల్లలు. స్థలం, తాటిపూడి దగ్గరి అదే బడి. కట్టెలు ఈసారి గోనెపట్టాల కింద పెట్టాలని మల్లె దళం వాళ్లు ఇప్పుడే చెప్పి పెట్టారు. వెంట ఉండే పెద్దలు అని ఉన్నచోట రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద నా పేరు రాశాను. ఫారం ఇవ్వడానికి ఇంకా మూడు వారాలుంది. ఆదివారం ఆరున్నరకల్లా మేము గ్రౌండులో ఉంటాం.